చెట్ల బెరడులోని చేదు పదార్థాలు

చెట్ల బెరడు నుంచి లభించే చేదు పదార్థాలన్నీ ఒకే రసాయన కుటుంబానికి చెందినవి కావు. సింకోనా బెరడులోని క్వినైన్, విల్లో బెరడులోని సాలిసిన్, కొడిశపాల పట్టలోని కొనెస్సిన్, ముష్టి పట్టలోని బ్రూసిన్, వేప, సోమిడ పట్టల్లోని లిమొనాయిడ్లు నిర్మాణంలోనూ, శరీరంపై పనిచేసే తీరులోనూ ఒకదానికొకటి సంబంధం లేనివి. వీటన్నిటినీ ఒక గూటికి చేర్చేది నాలుక మీద పడగానే తెలిసే చేదు ఒక్కటే. ప్రయోగశాలలు లేని కాలంలో ఆ చేదును పట్టుకునే మనిషి అనేక మందులను కనుగొన్నాడు. చలిజ్వరానికి మూడు శతాబ్దాలపాటు ఆధారమైన ఔషధం, నేటి ఆస్పిరిన్‌కు మూలమైన పదార్థం ఇలా దొరికినవే. అదే చేదును నమ్మి విషం మింగినవారూ ఉన్నారు. కాబట్టి ఈ పదార్థాల చరిత్ర చదివేటప్పుడు చేదును ఆచూకీగా చూడాలి. మందు శక్తి ఎక్కడుందో తేల్చవలసింది ఆ తర్వాతి పరిశోధన.

పేర్లు, రుచులు

చెట్టు కాండాన్ని కప్పి ఉండే పొరకు తెలుగులో బెరడు, పట్ట, చెక్క అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. మూలికలు అమ్మేవాళ్లు మద్దిపట్ట, వేపపట్ట అంటారు. వంటింట్లో దాల్చినచెక్క అంటాం గాని అదీ బెరడే. సింకోనాకు నిఘంటువుల్లో ‘జ్వరపట్ట’ అన్న పేరు కనిపిస్తుంది. క్వినైన్‌ను పాతతరం వారు ‘కొయినా’ అనేవారు.

బెరడును నమిలితే తగిలే రుచుల్లో చేదు, వగరు ముఖ్యమైనవి. తెలుగువారి షడ్రుచుల్లో ఈ రెండూ వేర్వేరు స్థానాలు పొందాయి. ఆయుర్వేదం చేదును తిక్త రసమనీ, వగరును కషాయ రసమనీ విడదీసింది. ఈ విభజనను నేటి రసాయనశాస్త్రమూ సమర్థిస్తుంది. వగరుకు కారణం టానిన్లు. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేయడంతో నోరు పిడచకట్టుకుపోయినట్లు ఉంటుంది. తుమ్మపట్ట, తంగేడుపట్ట తోళ్లు ఊనడానికి పనికొచ్చేది ఈ గుణం వల్లే: నోట్లో లాలాజలపు ప్రోటీన్లను పట్టే టానిన్లు తొట్టెలో తోలు ప్రోటీన్లను పట్టి, అది కుళ్లకుండా చేస్తాయి. చేదు కలిగే తీరు వేరు. నాలుక మీది ప్రత్యేక గ్రాహకాలకు చేదు అణువు అతుక్కున్నప్పుడు ఆ కబురు మెదడుకు చేరుతుంది. చాలా బెరళ్లలో రెండు రుచులూ కలిసే ఉంటాయి. అయినా ఒక బెరడు ఔషధగుణాన్ని విచారించేటప్పుడు వాటిని విడివిడిగా చూడాలి.

చెట్టుకు చేదు ఎందుకు?

ఆకుల్లో తయారైన చక్కెర వేళ్లకు దిగేది లోబెరడు గుండానే. చెట్టులో తీపి ప్రవహించే దారి అది. పురుగులు, బూజులు, మేసే జంతువులు మొదట గురిపెట్టేది కూడా దాన్నే. పరుగెత్తి తప్పించుకోలేని చెట్టు, ఆ దారిని కాపాడుకోవడానికి బెరడు కణాల్లో రకరకాల రసాయనాలను నిల్వ చేసుకుంటుంది. వాటిలో కొన్ని పురుగు ఆకలిని చంపుతాయి, కొన్ని దాని నరాలను దెబ్బతీస్తాయి, కొన్ని బూజు పెరుగుదలను అడ్డుకుంటాయి. మనకు చేదుగా తగిలేవి వీటిలో చాలావరకు ఉన్నాయి.

ఈ రక్షణ చెట్టు చనిపోయాక కూడా పనిచేయగలదని చెప్పడానికి చైనాలో మంచి నిదర్శనం ఉంది. ఫెలోడెండ్రాన్ అనే చెట్టు లోబెరడు పసుపు రంగులో ఉండి, చేదైన బెర్బెరిన్‌ను కలిగి ఉంటుంది. ప్రాచీన చైనాలో గ్రంథాలు రాసే కాగితాన్ని ఈ బెరడు కషాయంతో అద్దేవారు. రంగుతో పాటు పురుగుల నుంచి రక్షణ కూడా దొరికేది. దున్‌హువాంగ్ గుహల్లో బయటపడిన, క్రీ.శ. 868 నాటి వజ్రసూత్ర ప్రతి ఇలా పసుపు అద్దిన కాగితంపై అచ్చయినదే. తేదీ వేసి ఉన్న అచ్చు పుస్తకాల్లో పూర్తిగా మిగిలిన అతి పాతది అదే.

నాలుక చేదును గుర్తించే తీరు

తీపిని పట్టుకోవడానికి మనిషి నాలుకకు ప్రధానంగా ఒక్క గ్రాహక జంట సరిపోతుంది. చేదుకు మాత్రం సుమారు 25 రకాల గ్రాహకాలు ఉన్నాయి. శాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని 2000లో గుర్తించారు. తినదగిన తీపి పదార్థాలు కొన్నే, తప్పించుకోవలసిన విషాలు అనేకం కావడం ఈ తేడాకు కారణమని భావిస్తారు. క్వినైన్ ఒక్కటే వీటిలో తొమ్మిదింటిని మేల్కొలుపుతుంది. సాలిసిన్‌ను ప్రధానంగా ఒకే గ్రాహకం పట్టుకుంటుంది.

ఇన్ని తాళాలకు ఇన్ని తాళంచెవులున్నా మెదడుకు చేరే మాట ఒక్కటే: ‘చేదు’. మందుకూ విషానికీ మధ్య తేడాను నాలుక చెప్పలేకపోవడానికి మూలం ఇదే. ‘జాగ్రత్త’ అని హెచ్చరించేంత వరకే దాని పని.

రసాయన వర్గాలు

బెరడులోని చేదు పదార్థాలను స్థూలంగా నాలుగు వర్గాలుగా చూడవచ్చు.

ఆల్కలాయిడ్లు, అంటే క్షారాభాలు, నత్రజని ఉన్న సేంద్రియ క్షారాలు. క్వినైన్, కొనెస్సిన్, బ్రూసిన్, బెర్బెరిన్, ఏడాకులపాల పట్టలోని ఎకిటమిన్ ఈ కోవలోవి. ఇవి ఆమ్లాలతో కలిసి లవణాలుగా మారతాయి. క్వినైన్‌ను సల్ఫేటుగా అమ్మడానికి వీలు కలిగింది ఈ లక్షణం వల్లే.

గ్లైకోసైడ్లలో ఒక చక్కెర అణువు మరో భాగంతో ముడిపడి ఉంటుంది. విల్లోలోని సాలిసిన్, హార్స్ చెస్ట్‌నట్ బెరడులోని ఎస్కులిన్ ఇటువంటివి. అణువులో చక్కెర ఉన్నా రుచి మాత్రం చేదే.

లిమొనాయిడ్లు ముఖ్యంగా వేప కుటుంబంలో కనిపిస్తాయి. వేప, సోమిడ వంటి చెట్లలో ఇవి విస్తారం.

క్వాసినాయిడ్లు సిమరూబేసి కుటుంబంలో ఉంటాయి. దక్షిణ అమెరికాలోని క్వాసియా, మన పెద్దమాను ఈ కుటుంబంవే. క్వాసియా చేవలోనూ బెరడులోనూ ఉండే క్వాసిన్ చేదు క్వినైన్ చేదుకు సుమారు 50 రెట్లు. క్వాసియా అన్న పేరు సూరినాంలో బానిసగా జీవితం మొదలుపెట్టి, ఈ చెట్టుతో జ్వరాలకు వైద్యం చేసి పేరు తెచ్చుకున్న క్వాసి అనే ఆఫ్రికా మనిషిది. ఆ పేరును వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శాస్త్రీయ నామంగా స్థిరపరిచాడు. మొక్కల పేర్లలో రాజులూ పండితులే ఎక్కువగా కనిపించే ఆ కాలంలో ఒక బానిస వైద్యుడి పేరు నిలవడం గుర్తుంచుకోదగిన విషయం.

సింకోనా: జ్వరపట్ట కథ

సింకోనా చెట్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలవి. పదిహేడో శతాబ్దపు పూర్వార్ధంలో జెసూట్ మతగురువులు వాటి బెరడును పెరూ నుంచి రోముకు చేర్చారు. కార్డినల్ హువాన్ దె లూగో దాని వాడకానికి అండగా నిలిచాడు. 1649లో రోములో అచ్చయిన ఒక కరపత్రం మోతాదును, వాడే పద్ధతిని వివరించింది. పెరూను పాలించిన చించోన్ ప్రభువు భార్యకు ఈ బెరడుతో జ్వరం తగ్గిందన్న కథను ఆధారం చేసుకుని లిన్నేయస్ 1742లో ఈ చెట్టుకు సింకోనా అని పేరు పెట్టాడు. తర్వాతి పరిశోధకులు ఆ కథకు చారిత్రక ఆధారం లేదని తేల్చారు. కథ పోయింది, పేరు మిగిలింది.

బెరడులోని క్రియాశీల పదార్థాన్ని 1820లో పారిస్‌లో పియెర్ పెల్లెతియే, జోసెఫ్ కావెంతూ విడదీసి క్వినైన్ అన్నారు. క్వెచువా భాషలో బెరడుకున్న ‘కినా’ అన్న పేరు దీనికి మూలం. బెరడులో క్వినైన్‌తో పాటు క్వినిడిన్, సింకోనిన్, సింకోనిడిన్ అనే మరో మూడు ముఖ్య క్షారాభాలు ఉన్నాయి. క్వినైన్, క్వినిడిన్ అణువుల్లో ఉన్న పరమాణువులు ఒకటే, వాటి అమరిక దిశ మాత్రమే వేరు. ఆ చిన్న తేడాతో క్వినిడిన్ గుండె లయ తప్పినప్పుడు వాడే మందుగా ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది.

ఈ అణువు వెంట పడినవారికి ఊహించని ఫలితాలు దక్కాయి. 1845లో జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణం పైభాగంలో నీలి వెలుగును గమనించాడు. 1852లో జార్జ్ స్టోక్స్ దానికి కారణం వివరించాడు. ప్రతిదీప్తి అనే శాస్త్రశాఖ అక్కడ మొదలైంది. 1856లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ క్వినైన్‌ను కృత్రిమంగా చేయబోయి ఊదారంగు అద్దకాన్ని కనుగొన్నాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు అది నాంది. క్వినైన్ కృత్రిమ తయారీకి దారి వేసింది మాత్రం 1944లో రాబర్ట్ వుడ్‌వర్డ్, విలియం డోరింగ్. అప్పటికీ ఆ మార్గం వ్యాపారానికి పనికొచ్చేంత చవక కాలేదు. ఈనాటికీ క్వినైన్ చెట్టు నుంచే వస్తోంది.

విత్తనాల ప్రయాణం

పందొమ్మిదో శతాబ్దపు మధ్యకు ఆండీస్‌లో సింకోనాను విచక్షణ లేకుండా నరుకుతున్నారు. వలస రాజ్యాలకు క్వినైన్ అవసరం రోజురోజుకూ పెరిగింది. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ నేతృత్వంలో బ్రిటిష్ బృందాలు మొక్కలను, విత్తనాలను భారతదేశానికి చేర్చాయి. ఈక్వడార్ నుంచి ఎర్రపట్ట రకాన్ని రిచర్డ్ స్ప్రూస్ సేకరించాడు. నీలగిరుల్లో విలియం మెక్ఐవర్, డార్జిలింగ్ కొండల్లో థామస్ ఆండర్సన్ తోటలు వేశారు. డార్జిలింగ్ సమీపంలోని మంగ్‌పూ ఇప్పటికీ సింకోనాతోనే గుర్తుకొస్తుంది. 1892 నుంచి బెంగాల్‌లో తపాలా కార్యాలయాల ద్వారా చిన్న క్వినైన్ పొట్లాలను తక్కువ ధరకు అమ్మారు. ఉత్తరాలు వచ్చే చోటే జ్వరం మందు దొరకడం పల్లెలకు పెద్ద ఊరట.

క్వినైన్ అధికంగా ఉన్న రకం మాత్రం బ్రిటిష్ వారి చేజారింది. బొలీవియాలో ఐమారా జాతికి చెందిన మాన్యుయెల్ ఇంక్రా మమానీ ఏళ్ల తరబడి కొండలు తిరిగి మేలైన చెట్ల విత్తనాలు సేకరించి బ్రిటిష్ వ్యాపారి చార్లెస్ లెడ్జర్‌కు ఇచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆసక్తి చూపకపోవడంతో 1865లో డచ్చివారు సుమారు ఒక పౌను విత్తనాలు కొన్నారు. జావాలో మొలిచిన ఆ చెట్ల బెరడులో కొన్నింట క్వినైన్ 13 శాతం వరకూ పలికింది. 1930ల నాటికి ప్రపంచ క్వినైన్‌లో 90 శాతానికి పైగా జావా నుంచే వచ్చేది. లెడ్జర్ పేరు సింకోనా లెడ్జెరియానాగా నిలిచింది. మమానీని మాత్రం విత్తనాలు దాటించినందుకు అధికారులు నిర్బంధించి కొట్టారు. ఆ దెబ్బలకే అతను ప్రాణం విడిచాడు. ఏ చెట్టు మంచిదో కళ్లతో చూసి చెప్పగలిగిన మనిషి అతను. క్వినైన్ చరిత్రలో అతని పేరు మొదటి వరసలో ఉండాలి.

1942లో జావా జపాన్ వశమైంది. మిత్రరాజ్యాలకు క్వినైన్ కరువైంది. జర్మనీలో 1934లోనే తయారై పక్కన పడి ఉన్న క్లోరోక్విన్ యుద్ధానంతరం విస్తృత వాడకంలోకి వచ్చి, చాలాచోట్ల క్వినైన్ స్థానాన్ని ఆక్రమించింది.

క్వినైన్ ఎలా పనిచేస్తుంది?

క్వినైన్ రెండు శతాబ్దాలకు పైగా జ్వరం తగ్గించాకే దాని శత్రువు ఎవరో తెలిసింది. 1880లో అల్జీరియాలో అల్ఫోన్స్ లావెరాన్ రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడపై దాని ఎదుగుదలను గుర్తించాడు. ఆ పని సాగిన బేగంపేట భవనం నేడు ఆయన పేరుతో ఉంది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. జ్వరానికి కారణం చెడుగాలి అన్న నమ్మకం అక్కడితో ఆగింది. మన్యం ప్రాంతాల్లో కొండగాలికి, నీటికి అంటగట్టిన ‘మన్యం జ్వరం’ నిజంగా దోమకాటుతో వచ్చే మలేరియాయేనని అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధనే పునాది.

పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో చేరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు విడుదలయ్యే హీమ్ దానికే విషం. ఆ హీమ్‌ను హానిలేని స్ఫటికాలుగా మార్చి అది బతుకుతుంది. క్వినైన్ ఆ స్ఫటికీకరణకు అడ్డుపడుతుంది. తాను తిన్న తిండే పరాన్నజీవికి విషమవుతుంది. ఇందులో చేదుకు పాత్ర లేదు. పిల్లల కోసం తయారుచేసిన యూక్వినిన్ అనే క్వినైన్ రూపానికి దాదాపు రుచి ఉండదు. అయినా అది కడుపులోకి వెళ్లి క్వినైన్‌గానే పనిచేస్తుంది. చేదు, మందు శక్తి ఒకటి కావనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కరలేదు.

మోతాదు మించితే క్వినైన్ వల్ల చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, తలనొప్పి, చూపు మసకబారడం కలుగుతాయి. గుండె లయ, రక్తంలో చక్కెర దెబ్బతినవచ్చు. తీవ్ర మలేరియాకు నేడు మొదట ఇచ్చేది ఆర్టిసునేట్. అది అందుబాటులో లేనప్పుడు క్వినైన్ ఇంకా ప్రాణదాతే. టానిక్ వాటర్ అనే పానీయంలోని చేదు కూడా దీనిదే. అమెరికాలో లీటరుకు సుమారు 83 మిల్లీగ్రాములకు మించి కలపకూడదని నియమం ఉంది. మందు మోతాదుతో పోలిస్తే అది చాలా స్వల్పం.

విల్లో: తప్పు ఊహ, సరైన ఫలితం

ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్‌లో మతగురువుగా ఉన్న ఎడ్వర్డ్ స్టోన్ ఒకనాడు విల్లో బెరడును నమిలి చూశాడు. దాని విపరీతమైన చేదు ఆయనకు సింకోనాను గుర్తు చేసింది. చిత్తడి నేలలో జ్వరాలు పుడతాయి, విల్లో చిత్తడి నేలలోనే పెరుగుతుంది, కాబట్టి రోగమున్న చోటే మందూ ఉంటుందని తర్కించాడు. ఒక పౌను బెరడును రొట్టెల పొయ్యి వెచ్చదనంలో మూడు నెలలకు పైగా ఎండబెట్టి, పొడిచేసి, సుమారు 50 మంది జ్వర రోగులకు ఇచ్చాడు. చాలామందికి ఉపశమనం కలిగింది. 1763లో రాయల్ సొసైటీకి ఆ ఫలితాలు రాసి పంపాడు.

స్టోన్ ఊహించినట్లు విల్లో సింకోనాకు బంధువు కాదు. అది మలేరియా పరాన్నజీవిని చంపలేదు. అది చేసినది జ్వరపు వేడినీ నొప్పినీ తగ్గించడం. ఆ పనికి కారణమైన సాలిసిన్‌ను 1828లో మ్యూనిక్‌లో యోహాన్ బుక్నర్ వేరుచేశాడు. 1838లో రఫాయెలె పిరియా దాని నుంచి సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారుచేశాడు. 1876లో డండీకి చెందిన వైద్యుడు థామస్ మెక్‌లాగన్ కీళ్లవాత జ్వరానికి సాలిసిన్ మేలు చేస్తుందని ప్రకటించాడు. సాలిసిలిక్ ఆమ్లం కడుపును మండించేది. 1897లో బేయర్ సంస్థలో ఫెలిక్స్ హాఫ్‌మన్ దానికి ఎసిటైల్ భాగాన్ని జోడించి శుద్ధమైన రూపంలో తయారుచేశాడు. 1899లో అది ఆస్పిరిన్ పేరుతో అంగడికి వచ్చింది. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. 1982 నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆస్పిరిన్ మాత్రది కాస్త పులుపు రుచి. బెరడు చేదు దారిలోనే రాలిపోయింది.

విల్లోకు మనదేశపు బంధువు ఏటిపాల. ఏరుల ఒడ్డున, తడినేలల్లో పెరిగే చెట్టు అది.

తెలుగు నేల మీది చేదు చెట్లు

వేప తెలుగువారికి చేదుకు కొలమానం. ఎక్కడ చేదు తగిలినా దాంతోనే పోల్చుతాం. వేపతో ఏ బంధుత్వమూ లేని చిన్న మొక్కకు ‘నేలవేము’ అని పేరు పెట్టడానికి కారణం దాని చేదే. వేప పువ్వు ఉగాది పచ్చడిలోకీ, పుల్ల పళ్లు తోముకోవడానికీ, పట్ట కషాయానికీ వాడుక. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్ వంటి చేదు పదార్థాలను వేరుచేశాడు. పురుగుల నివారణకు ప్రసిద్ధమైన అజాడిరాక్టిన్ ప్రధానంగా గింజలో ఉంటుంది, బెరడులో కాదు. ఒకే చెట్టులో భాగాన్ని బట్టి రసాయనం మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

సోమిడ తెలుగు పేరును ప్రపంచ వృక్షశాస్త్రానికి ఇచ్చిన చెట్టు. దక్కను, మధ్య భారత ఎండు అడవుల్లో పెరిగే ఇది వేప కుటుంబానికి చెందినది. గట్టి కలప, చేదూ వగరూ కలిసిన ఎర్రని బెరడు దీని గుర్తులు. తూర్పు గోదావరి ప్రాంతపు సామర్లకోటలో 1781 నుంచి పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బరో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఖరీదైన సింకోనాకు ఇది ప్రత్యామ్నాయమవుతుందని ఆశించి బెరడును పరీక్షల కోసం పంపాడు. ఎడిన్‌బరోలో 1794లో ఆండ్రూ డంకన్ దీనిపైనే తన వైద్య పట్టపు వ్యాసం రాశాడు. 1830లో ఆద్రియెన్ ద జుస్యూ ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతిని ఏర్పరచాడు. సోమిడ అన్న తెలుగు మాట లాటిన్‌లో అలా స్థిరపడింది. రెండో పదం ‘ఫెబ్రిఫ్యూగా’ అంటే జ్వరాన్ని తరిమేది. ఆ ఆశ నెరవేరలేదు. ఈ బెరడులో క్వినైన్ లేదు, ఉన్నవి లిమొనాయిడ్లు, టానిన్లు.

కొడిశపాల సంస్కృతంలో కుటజం. చరక, సుశ్రుత సంహితలు దీన్ని అతిసారానికి ముఖ్యమైన మందుగా చెప్పాయి. కుటజారిష్టం, కుటజఘనవటి నేటికీ ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతాయి. గింజలను ఇంద్రయవాలు అంటారు. 1858లో బొంబాయిలో హెయిన్స్ దీని పట్ట నుంచి కొనెస్సిన్ అనే క్షారాభాన్ని వేరుచేశాడు. జిగట విరేచనాలు కలిగించే అమీబాపై అది పనిచేస్తుందని తర్వాత తేలింది. ఈ పట్ట నుంచి చేసిన కుర్చి బిస్మత్ అయొడైడ్‌ను ఒకప్పుడు అల్లోపతి వైద్యులు కూడా వాడారు. శుద్ధ కొనెస్సిన్ నరాలపై చూపే దుష్ప్రభావాల వల్ల, తర్వాత వచ్చిన మెరుగైన మందుల వల్ల దాని వాడకం తగ్గింది.

ఈ పట్టకు ఒక కల్తీ కూడా ఉంది. అంకుడు చెట్టు బెరడు చూపుకు కొడిశపాలలాగే ఉంటుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు కర్ర ఇచ్చేది ఈ అంకుడే. బొమ్మకు ప్రాణం పోసే ఆ చెట్టు విరేచనాల మందుగా మాత్రం పనికిరాదు. ఒకప్పుడు అంకుడు పట్ట కలిసిన సరుకు వల్ల కొడిశపాలకే పనిచేయదన్న చెడ్డపేరు వచ్చింది. కొడిశపాల పట్ట బాగా చేదు, అంకుడు పట్టది అంత చేదు కాదు. ఇక్కడ నాలుక నిజంగా అక్కరకొచ్చింది. ఏది అసలో చెప్పగలిగింది, ఎందుకు పనిచేస్తుందో చెప్పడం మాత్రం రసాయనశాస్త్రం వంతయింది.

ఏడాకులపాలను సప్తపర్ణి అంటారు. కొమ్మ చుట్టూ ఏడేసి ఆకులు గొడుగులా విచ్చుకుంటాయి. శాంతినికేతన్‌లోని విశ్వభారతి స్నాతకోత్సవంలో పట్టభద్రులకు ఈ ఆకులు ఇచ్చే ఆచారం ఉంది. దీని కర్రతో పలకలు చేసేవారు, శాస్త్రీయ నామంలోని ‘స్కోలారిస్’ అన్న మాట చదువును సూచిస్తుంది. బెరడు విపరీతమైన చేదు. ఫిలిప్పీన్స్‌లో ‘దీతా’ పేరుతో దీన్ని క్వినైన్‌కు బదులుగా వాడారు. మలేరియాపై మాత్రం దీని క్షారాభాలు క్వినైన్‌కు సాటి రాలేదు.

చేదు విషమైనప్పుడు

వెనిజులాలోని అంగస్తూరా పట్టణం నుంచి ఒక చేదు బెరడు ఐరోపాకు జ్వరం మందుగా వెళ్లేది. పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో ఆ పేరుతో అమ్మిన సరుకు తిన్నవారు ఈడ్పులతో విలవిల్లాడారు. ప్రాణాలు పోయాయి. అనేక చోట్ల ప్రభుత్వాలు అసలు అంగస్తూరాను కూడా నిషేధించాయి. 1819లో పెల్లెతియే, కావెంతూ ఆ ‘నకిలీ అంగస్తూరా’ నుంచి ఒక క్షారాభాన్ని తీశారు. ఆ బెరడు ఆఫ్రికాకు చెందిన బ్రూసియా చెట్టుదని పొరబడి దానికి బ్రూసిన్ అని పేరు పెట్టారు. అసలది మన అడవుల్లోని ముష్టి పట్ట.

ముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్, పట్టలో అధికంగా ఉండే బ్రూసిన్ వెన్నుపాములో కండరాల బిగింపును అదుపు చేసే సంకేతాలను అడ్డుకుంటాయి. చిన్న తాకిడికే ఒళ్లంతా విల్లులా వంగే ఈడ్పులు వస్తాయి. మన వైద్యులు శుద్ధి చేయనిదే ముష్టిని వాడకూడదని గట్టిగా చెప్పడం వెనక తరాల అనుభవం ఉంది. క్వినైన్‌ను వెలికి తీసిన ఆ ఇద్దరు శాస్త్రవేత్తలే బ్రూసిన్‌నూ వెలికి తీయడం ఈ విషయంలోని మొత్తం నీతిని ఒకచోట చేరుస్తుంది. రెండు బెరళ్లూ చేదే. ఒకటి ప్రాణం నిలిపింది, మరొకటి తీసింది.

ప్రాణాంతకం కాకపోయినా జాగ్రత్త అవసరమైనవీ ఉన్నాయి. ఉత్తర అమెరికా పడమటి తీరపు కాస్కరా బెరడు చేదైన విరేచనకారి. పచ్చి పట్ట తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు కలిగిస్తుంది కాబట్టి ఏడాది నిల్వ ఉంచాకే వాడేవారు. భద్రతకు తగిన సమాచారం అందలేదని అమెరికా ప్రభుత్వం 2002లో దాన్ని చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల నుంచి తొలగించింది.

బెరడు సేకరణ, చెట్టు రక్షణ

ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. బెరడు అలా కాదు. కాండం చుట్టూ వలయంగా పట్ట ఒలిస్తే వేళ్లకు ఆహారం అందక చెట్టు ఎండిపోతుంది. ఆండీస్‌లో సింకోనా అడవులు తరిగినది కూడా బెరడు కోసమే. మన దగ్గర మూలికల గిరాకీ ఉన్న చెట్లకూ ఇదే ముప్పు.

దీనికి పరిష్కారం పాతదే. నీలగిరుల్లో మెక్ఐవర్ సింకోనా కాండం మీద నిలువు పట్టీలుగా మాత్రమే బెరడు తీసి, గాయాన్ని నాచుతో కప్పేవాడు. ఆ నీడలో కొత్త బెరడు పుట్టేది. అలా పుట్టిన బెరడులో క్షారాభాలు మునుపటికన్నా ఎక్కువగా ఉండటం ఆయన గమనించాడు. కొమ్మలను కత్తిరించి వాటి పట్టనే వాడటం, మొదలు మిగిల్చి పైభాగం నరికి చిగుళ్లు రానివ్వడం, అడవి మీద ఆధారపడకుండా తోటలు పెంచడం కూడా మంచి మార్గాలే.

కొడిశపాలకు ఏ బెరడు నకిలీయో తెలియాలి, ముష్టికి ఎంత మోతాదు ప్రాణాంతకమో తెలియాలి, సోమిడలో ఏముందో ఏమి లేదో తెలియాలి. ఇవేవీ తెలియకుండా పట్ట ఒలిస్తే రోగికి మేలు జరగదు, చెట్టు కూడా దక్కదు. మెక్ఐవర్ కప్పిన నాచు కింద, గాయపడిన చోటే మునుపటికన్నా చిక్కటి చేదుతో బెరడు మళ్లీ పుట్టింది. తీసుకోవడం తెలిసిన చేతికి చెట్టు రెండోసారి కూడా ఇస్తుంది.